టీవీ వెనక గోడ

అక్టోబర్ 3, బుధవారం

టీవీ వచ్చింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి హాల్లో పెట్టి పోయారు. షాపులో చూసినప్పుడు ఇంత లేదు. వీప్కె దాని ముందు రెండు చేతులూ చాపి నిలబడి, నాకంటే పెద్దదమ్మా అంది. ఎనిమిదేళ్ళ పిల్ల, దానికింకేం కావాలి. రోల్ఫ్ జేబుల్లో చేతులు పెట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగి, ఇంతకన్నా పాడుగా ఉండొచ్చు అన్నాడు. అంటే చాలా బాగుందని. పెళ్ళి రోజున నా గౌను చూసి కూడా ఇదే మాటన్నాడు. ఈ ఊళ్ళో మెచ్చుకోవడమంటే ఇదే.

స్కేటింగ్ పోటీలు మొదలయ్యేలోగా గోడకెక్కించాలట. ఏ గోడకి అని అడిగాను. అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

అక్టోబర్ 6, శనివారం

హాల్లో ఉన్నవే నాలుగు గోడలు. వీధి వైపంతా కిటికీ. మెట్ల వైపుది అట్టముక్క, క్యాలెండర్ తగిలిస్తేనే ఊగుతుంది. ఇక వంటింటి వైపు గోడ, పొగగొట్టం గోడ. నేను వంటింటి వైపు అన్నాను. ఆయన పొగగొట్టం గోడ అన్నాడు.

షాపులో అమ్మాయి ఏం చెప్పింది? సోఫాలో కూర్చుంటే కళ్ళు ఎక్కడికొస్తాయో టీవీ నడుము అక్కడికి రావాలని చెప్పింది. నేను టీవీ సైజుకి ఖాకీ కాగితం కత్తిరించి, వంటింటి గోడకి టేపుతో అంటించి, కూర్చుని చూశాను. సరిగ్గా కళ్ళకెదురుగా ఉంది. రోల్ఫ్ వచ్చి మాటామంతీ లేకుండా ఆ కాగితం పీకి, స్టూలెక్కి, పొగగొట్టం గోడకి అంటించాడు. ఎంత పైకంటే, చూడాలంటే మెడ వెనక్కి వాల్చాలి. చర్చిలో పాస్టర్ని చూసినట్టుంది అన్నాను. పాస్టరైతే ఒక గంటే, ఇది రోజూనూ అన్నాను.

దానికి ఆయన చెప్పిన కారణం పుట్టినరోజులు. పుట్టినరోజుకి కుర్చీలన్నీ గోడల వెంబడి గుండ్రంగా వేస్తాం కదా, కింద కూర్చున్న వాళ్ళ తల టీవీకి తగలదూ అన్నాడు. ఇంట్లో ఉన్నదే ముగ్గురం, ఏడాదికి మూడు పూటలు, దానికోసం మిగతా ఏడాదంతా మెడలు విరగ్గొట్టుకుందామా అన్నాను. అన్నానే గానీ అప్పుడే ఓడిపోయానని తెలుసు. పుట్టినరోజు కుర్చీల మీద ఈ ఊళ్ళో ఎవరూ వాదించరు.

అసలు సంగతి మెడ కాదు. ఆ గోడంటే నాకు భయం. ఆయనతో అంటే నవ్వుతాడు, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. వేలు మడిచి కొడితే కొన్నిచోట్ల ఖంగుమంటుంది, కొన్నిచోట్ల డొల్ల. పొగగొట్టమంటే ఇంటికల్లా బరువైనది. భూమి కదిలితే ముందు పడేది అదే. ఎదురింటి గేర్ట్ బాబాయి ఇంట్లో అలాగే పడింది. ఆ వేళ వాళ్ళావిడ వంటింట్లో ఉంది కాబట్టి బతికింది.

అక్టోబర్ 10, బుధవారం

మాది పక్క జిల్లా డ్రెంటె. ఇసుక నేల. అక్కడ నేల కదలడమనే మాటే లేదు. పెళ్ళయి ఈ గ్రోనింగెన్‌కి వచ్చాకే తెలిసింది, కింద గ్యాస్ తోడితే పైన నేల అదిరి ఇళ్ళు కుంగుతాయని. మొదట ఢామ్మని ఒక దెబ్బ, ఎవరో లారీతో ఇంటిని గుద్దినట్టు. తర్వాత గాజు సామానంతా సన్నగా వణుకుతుంది. అంతే. ఆ తర్వాత ఎవరి గోడలు వాళ్ళు చూసుకోవడం.

ఇప్పుడు బీట్ దుంపల సీజను. ఫ్యాక్టరీకి పోయే లారీలు రాత్రీ పగలూ మా కిటికీ ముందునుంచే. అందులో ఒకటి రోల్ఫ్ నడిపేదే. అద్దాలు గలగలమంటే, ఏది భూకంపమో ఏది దుంపల లారీయో ఎవడికీ తెలియదు. రోల్ఫ్‌కి మాత్రం అన్నీ లారీలే. పదిహేనేళ్ళుగా ఒక్కటి కూడా భూకంపం కాదు ఆయన లెక్కలో.

అక్టోబర్ 14, ఆదివారం

పొద్దున్నే నన్నూ వీప్కెనీ వీధి చివర ఉండే అత్తయ్య దగ్గరికి పంపేశాడు. డ్రిల్లింగ్ దుమ్ము పిల్లకి మంచిది కాదట. ఇంతకు ముందెప్పుడూ లేని జాగ్రత్త. సాయంత్రం వచ్చేసరికి టీవీ గోడ మీద ఉంది. మొత్తం గోడకి కొత్త తెల్ల రంగు కూడా వేసేశాడు. రంగెందుకు అంటే, డబ్బా మిగిలిపోయిందన్నాడు.

ఇంకో వింత. టీవీ గోడకి నడిమధ్యలో లేదు. ఎడమకి జరిగి ఉంది, కొంచెం కాదు, బాగా. ఎవరింటికెళ్ళినా వాళ్ళ ఫోటోలు వంకరగా ఉంటే లేచి సర్దే మనిషి. రసమట్టం పెట్టి కేక్ కోసే మనిషి. ఇలా పక్కకెందుకు అన్నాను. అక్కడే ఇటుక గట్టిగా ఉందన్నాడు. వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి చెయ్యి ఊపుతున్నారు, ఆయనా ఊపుతున్నాడు. పోనీలే అనుకున్నాను.

అక్టోబర్ 22, సోమవారం

టీవీ పైన ఎర్రటి దుమ్ము. తుడిచాను.

అక్టోబర్ 23, మంగళవారం

మళ్ళీ ఉంది.

నవంబర్ 2, శుక్రవారం

వీప్కె సోఫాలో కూర్చోదు. మెడ నొప్పంటుంది. తివాచీ మీద వెల్లకిలా, తల సరిగ్గా టీవీ కింద పెట్టి పడుకుంటుంది. ఆకాశంలో చూసినట్టుందట. నేను దిండు వెనక్కి లాగుతాను. వంటింట్లోకెళ్ళి వచ్చేసరికి మళ్ళీ ముందుకొచ్చి ఉంటుంది. లాగుతాను. మళ్ళీ వస్తుంది. ఇవాళ కసిరాను. ఏం చేశానమ్మా అని ఏడ్చింది. ఏం చెప్పను? నాకే తెలియదు.

నవంబర్ 11, ఆదివారం, రాత్రి

పొద్దుపోయింది. అయినా రాయాలి.

ఇవాళ సెయింట్ మార్టిన్. పిల్లలంతా దీపాలు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ మిఠాయిలకొచ్చే రోజు. వీప్కె నాన్నతో వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర మిఠాయి గిన్నె పెట్టుకుని ఉన్నాను. పిల్లలు రావడానికి టైముంది కదా అని గుడ్డ తీసుకుని టీవీ పైన తుడుద్దామని స్టూలెక్కాను. దుమ్ము కాదు ఈసారి, ఇటుక పొడి. వేళ్ళకి గరగరలాడింది. టీవీకీ గోడకీ మధ్య సందులోంచి చెంపకి చల్లగా గాలి కొట్టింది.

ఇంట్లో, గోడలోంచి, గాలి.

టార్చ్ తెచ్చి ఆ సందులోకి వేశాను. గోడ బీటిచ్చి ఉంది. పైనుంచి కిందికి, మెట్లు మెట్లుగా, ఇటుకల మధ్య నుంచి. నా వేలు పట్టింది. మొత్తం పట్టింది, మొదటిదాకా. టీవీ ఎక్కడ మొదలవుతుందో పగులు అక్కడ మొదలవుతుంది, టీవీ ఎక్కడ అయిపోతుందో అక్కడ కనబడకుండా పోతుంది. కింద మిగిలిన భాగం పూడ్చి పైన రంగు వేశాడు. తెలిశాక చూస్తే దాని జాడ పక్కాగా కనిపిస్తోంది.

ఆ ఎత్తు పుట్టినరోజుల కోసం కాదు. ఆ ఎడమకి జరగడం ఇటుక కోసం కాదు. టీవీ ఎక్కడుండాలో ఆ పగులే చెప్పింది.

బయట పిల్లలొచ్చి పాడుతున్నారు. నేను స్టూలు మీంచి దిగలేకపోయాను. వాళ్ళు పాట రెండుసార్లు పాడి, ఎవరూ రాలేదని వెళ్ళిపోయారు. అప్పుడు దిగి, మొదట చేసిన పని కర్టెన్లు వేసెయ్యడం. ఇంట్లో ఎవరైనా పోతే తప్ప ఈ వీధిలో సాయంత్రం కర్టెన్లు వేసుకునే వాళ్ళు లేరు. పావుగంట కాకముందే అత్తయ్య తలుపు కొట్టింది. ఎవరు పోయారు అని అడిగింది. ఎవరూ పోలేదు, తలనొప్పి అన్నాను. ఆవిడ కర్టెన్లు తీసి వెళ్ళింది.

నవంబర్ 12, సోమవారం

వీప్కె బడికెళ్ళాక అడిగాను. ఇంత బుకాయించే మనిషి ఒక్క ముక్క కూడా బుకాయించలేదు. బల్ల దగ్గర కూర్చుని చేతులు చూసుకున్నాడు.

వేసవిలోనే చూశాడట. పాత పుస్తకాల బీరువా వెనక. ఇళ్ళు తనిఖీ చేసే ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ ఈ నెల ఇరవై తొమ్మిదిన వస్తాడని అప్పుడే తెలుసట. పగులు చూస్తే ఆ రోజే ఇంటికి దుంగలు ఊతం పెట్టి, మమ్మల్ని ఖాళీ చేయించి, తర్వాత కూలుస్తారు. ఊరంతా చూడండి బాబూ మా గోడలు అని ఇన్‌స్పెక్టర్ల చెయ్యి పట్టుకుని తిప్పుతుంటే, ఈ మహానుభావుడు టీవీ కొని దాస్తున్నాడు. తనిఖీ అయిపోతే ఎండలొచ్చాక తనే ఇనప కడ్డీలు వేసి ఇటుక కట్టుకుంటాడట.

పిల్ల దాని కిందే పడుకుంటుంది రోల్ఫ్ అన్నాను. కొత్త రకం బోల్టులు వేశాను, టీవీ పడదు అన్నాడు. టీవీ గురించి ఎవరడిగారు, గోడ గురించి అడుగుతున్నా అన్నాను. బల్ల మీది రొట్టె పొడి వేలితో ఒకచోటికి పోగు చేశాడు. తర్వాత గేర్ట్ బాబాయి సంగతెత్తాడు. ఊరి చివర ఆ తాత్కాలిక ఇళ్ళలో ఆయన ఏమైపోయాడో చూశావు కదా అన్నాడు. చూశాను. మొదటి ఏడాది రోజూ వచ్చి తన ఇంటి గేటు దగ్గర నిలబడేవాడు. రెండో ఏడాది వాళ్ళావిడ పోయింది. ఇప్పుడు ఇటు వైపే చూడడు. మన వీధిలోకి రావాలంటే తన ఇల్లు దాటకుండా సైకిల్ మీద చుట్టూ తిరిగొస్తాడు.

"నన్ను ఇటుకల కిందనుంచి తీసినా పర్లేదు ఫెన్నా, ఆ డబ్బా ఇంట్లోంచి తియ్యకు" అన్నాడు.

ఆయన ఎప్పుడూ ఎవర్నీ బతిమాలడు. ఇవాళ బతిమాలాడు. నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు. అదే నేను చేసింది.

నవంబర్ 29, గురువారం

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, మర్యాదగా, గుమ్మంలోనే బూట్లు విడిచాడు. చేతిలో టాబ్లెట్, పగుళ్ళ మందం చూసే చిన్న గీతల అట్ట. పై గదులు చూశాడు, వంటిల్లు చూశాడు, బయట చూశాడు. వెనక మెట్ల దగ్గర సన్నపు పగుళ్ళుంటే వాటికి ఫోటోలు తీశాడు. బయట పొగగొట్టం వైపుకెళ్తే నేనూ వెనకే వెళ్ళాను. అక్కడ రోల్ఫ్ కట్టెలు పేర్చాడు, చూరు దాకా. అది నేను అప్పుడే గమనించాను.

హాల్లోకొచ్చేసరికి రోల్ఫ్ టీవీలో స్కేటింగ్ పెట్టాడు. అతను నిలబడి రెండు రౌండ్లు చూశాడు. టీవీ మరీ ఎత్తుగా ఉంది కదా అన్నాడు. పుట్టినరోజులు అన్నాడు రోల్ఫ్. ఆ, అవును అని తల ఊపాడు. ఈ ప్రాంతం మనిషే, ఇంకేం అడుగుతాడు.

కాఫీ ఇచ్చాను. బిస్కెట్ డబ్బా తెరిచి, ఇక్కడి పద్ధతి ప్రకారం ఒకటే ఇచ్చి మూత పెట్టాను. ఇంకేమైనా చూపించాల్సింది ఉందామ్మా అని అడిగాడు. రోల్ఫ్‌ని కాదు, నన్ను. రోల్ఫ్ స్క్రీన్ చూస్తున్నాడు. చేతులు వాటంతటవే డబ్బా మూత మళ్ళీ తెరిచి అతని ముందు పెట్టాయి. రెండో బిస్కెట్! అత్తయ్య చూసుంటే మూర్ఛపోయేది. రోల్ఫ్ మొదటిసారి ఈ ఇంటికి తీసుకొచ్చినప్పుడు నాకు కూడా రెండోది పెట్టలేదు. అతను కూడా ఆశ్చర్యపోయాడు. మొహమాటంగా తీసుకుని, చాలా థాంక్స్ అని వెళ్ళిపోయాడు.

నేను బాత్రూంలోకెళ్ళి తలుపేసుకున్నాను. నేను మాట్లాడలేదు. నా పిల్ల ఆ గోడ కింద పడుకుంటుందని తెలిసి, అడిగిన మనిషికి బిస్కెట్ పెట్టాను.

డిసెంబర్ 14, శుక్రవారం

కబురొచ్చింది. ఇల్లు భద్రంగా ఉందట. చిన్న రిపేర్లు చాలట. రోల్ఫ్ వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పాడు, ఈల వేసుకుంటూ లారీ ఎక్కాడు.

ఇప్పుడు ఇంకా భయంగా ఉంది. ఇంతకు ముందు ఎవరో ఒకరొచ్చి చూస్తారులే అని ఉండేది. ఇక ఎవరూ రారు.

డిసెంబర్ 20, గురువారం

ఇటుక పొడి ఇప్పుడు రోజుకి రెండుసార్లు తుడుస్తున్నాను. పొద్దున ఒకసారి, వీప్కె బడినుంచి వచ్చే ముందు ఒకసారి. దానికి కనబడకూడదు. దాని దిండు దాచేశాను. సోఫా దిండు తెచ్చుకుంది. తివాచీ తీసి ఉతకడానికేశాను. ఉత్త నేల మీద పడుకుంది. వాళ్ళ నాన్నకి పుట్టిన పిల్ల.

పనిలో కూడా ఇదే ధ్యాస. డెంటిస్ట్ దగ్గర రిసెప్షన్లో కూర్చుని లోపల డ్రిల్ మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాను. పదేళ్ళుగా వింటున్న చప్పుడు.

జనవరి 9, బుధవారం

మధ్యాహ్నం. బడి సగం పూటే కాబట్టి వీప్కె ఇంట్లో ఉంది. ఎక్కడుంటుంది, టీవీ కిందే ఉంది. నేను సోఫాలో బట్టలు మడతపెడుతున్నాను. రోల్ఫ్ వంటింట్లో ఉల్లిపాయ కోస్తున్నాడు.

ఢామ్మంది.

ఇల్లు ఒక్కసారి పైకి లేచి కూర్చున్నట్టయింది. బీరువాలో కప్పులు వణికాయి. టీవీ కదల్లేదు. దాని కింద అంచు నుంచి ఇటుక పొడి జారింది, సన్నగా, ధారగా, వీప్కె జుట్టు మీద. నేను ఎలా వెళ్ళానో తెలియదు. దాని కాళ్ళు పట్టుకుని లాగాను. మోకాలు దోక్కుపోయి ఏడ్చింది. ఏంటమ్మా, దుంపల లారీయే కదా అంది.

రోల్ఫ్ గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడ్డాడు. దుంపలు అయిపోయి వారమైంది. ఈ ఏడు వానల్లేక పంట తక్కువ, ఫ్యాక్టరీ తొందరగా మూసేశారు. ఆయన లారీ మా షెడ్డులో ఉంది. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన టీవీ దగ్గరకెళ్ళి అరచెయ్యి దానికి ఆనించి కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత పిల్లతో, అవును బంగారం, లారీయే అన్నాడు.

నేను దాని జుట్టు కడిగాను. నీళ్ళు ఎర్రగా వచ్చాయి.

జనవరి 17, గురువారం

ఆయనతో మాట్లాడటం లేదు. ఉప్పు కావాలంటే వీప్కెతో అడిగిస్తున్నాడు.

జనవరి 26, శనివారం

వీప్కె పుట్టినరోజు. తొమ్మిదేళ్ళు నిండాయి.

పొద్దున రోల్ఫే కుర్చీలు వేశాడు. గోడల వెంబడి గుండ్రంగా, మోకాళ్ళు తగలకుండా. టీవీ కింద మాత్రం ఖాళీ వదిలి, అక్కడ పూలకుండీ పెట్టాడు. ఏ కారణం చెప్పి అంత ఎత్తుకి ఎక్కించాడో, ఆ చోట కుర్చీ వెయ్యడానికి ఆయనకే ధైర్యం లేదు. నేను చూశాను. నేను చూడటం ఆయన చూశాడు.

రెండింటికి జనం రావడం మొదలైంది. నా అక్క, బావ, పక్కింటివాళ్ళు, వీప్కె టీచరు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుండ్రంగా తిరిగి అందరికీ చేతులిచ్చి శుభాకాంక్షలు చెబుతున్నారు, పిల్లకి, నాకు, నానమ్మకి, ఆఖరికి పక్కింటివాళ్ళకి కూడా. గేర్ట్ బాబాయి కూడా వచ్చాడు, తన ఇంటి వైపు చూడకుండా. కుర్చీలు సరిపోలేదు.

అప్పుడు అత్తయ్య లోపలికెళ్ళి వీప్కె కుర్చీ తెచ్చింది. పుట్టినరోజు పిల్ల కుర్చీ, నేనూ పిల్లా రాత్రి కూర్చుని రంగు కాగితాలతో అలంకరించిన కుర్చీ. పూలకుండీ పక్కకి జరిపి, తెచ్చి సరిగ్గా టీవీ కింద వేసింది. రాణీగారు ఇక్కడ కూర్చుంటే అందరికీ కనబడుతుంది, రా అమ్మడూ అని పిలిచింది. వీప్కె కాగితం కిరీటం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

రోల్ఫ్ కేక్ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకున్నాను. అనలేదు.

నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. చుట్టూ కాగితాలు నలిగాయి. అమ్మా, అది నా కుర్చీ అంది వీప్కె. అందరూ నవ్వారు. ఫెన్నాకి తొమ్మిదేళ్ళొచ్చాయిరోయ్ అన్నాడు బావ. పిల్లని పక్కనున్న అక్క ఒళ్ళోకి తోసి, అక్కను కొంచెం అటు జరగమన్నాను. నేను మాత్రం కదల్లేదు. నా నెత్తి మీద ఆ టీవీ, దాని వెనక ఆ గోడ. వెన్ను మీద చల్లగాలి తగులుతూనే ఉంది. అందరికీ కాఫీలు తిరిగాయి. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క కేక్ తిరిగింది. రోల్ఫ్ తన ముక్క చేతిలోనే పట్టుకున్నాడు. నా తల పైన గోడనే చూస్తున్నాడు.

"ఫెన్నా, లే అక్కణ్ణుంచి" అన్నాడు చివరికి.

"ఎందుకు?"

"కుర్చీ మార్చుకుందాం. నువ్విటు రా."

"కారణం చెప్పు. ఏం లేదంటే ఇప్పుడే లేస్తాను. లేచి నీ కూతుర్ని ఇక్కడ కూర్చోబెడతాను."

అందరూ కప్పులు పట్టుకుని ఆగిపోయారు. నేను ఆయన కళ్ళలోకే చూశాను. వీప్కె, చూడు నాన్నా నా కుర్చీ అమ్మ తీసేసుకుంది అంటోంది, వాళ్ళ నాన్న తన వైపే మాట్లాడతాడనుకుని.

ఆయన కేక్ పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఆ గోడ పోయింది. నిలువునా బీటిచ్చింది. నేనే దాచాను" అన్నాడు.

గేర్ట్ బాబాయి తల వంచుకుని బూట్లు చూసుకున్నాడు. తర్వాత అత్తయ్య లేచి, తన కుర్చీ తను ఎత్తి పట్టుకుంది. ఈ ఇంటికే పెళ్ళయి వచ్చిన మనిషి, ఇక్కడే రోల్ఫ్‌ని కంది. అయితే షెడ్డులో కూర్చుందాం పదండి, కాఫీ చల్లారిపోతోంది అంది. అందరూ ఎవరి కుర్చీ వాళ్ళు ఎత్తుకుని వరసగా బయటికి నడిచారు. షెడ్డులో దుంపల లారీ చుట్టూ మళ్ళీ గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. వీప్కెని లారీ మెట్టు మీద కూర్చోబెట్టాడు గేర్ట్ బాబాయి. అది అంత ఎత్తునుంచి అందర్నీ చూసి మురిసిపోయింది. చలికి అందరి నోళ్ళలోంచీ పొగలొస్తున్నాయి. రెండో కప్పు కాఫీ నేనే పోశాను. రోల్ఫ్ దగ్గరికొచ్చినప్పుడు ఆయన కప్పు పట్టుకున్న చెయ్యి ఊగుతోంది. నేను కింద ఇంకో చెయ్యి పట్టాను.

జనవరి 28, సోమవారం

ఆయనే తనిఖీ ఆఫీసుకి ఫోన్ చేశాడు. పక్కన కూర్చోమన్నాడు. ఆఫీసువాళ్ళు సాయంత్రానికే వచ్చారు. కట్టెలన్నీ తీసి బయటి గోడ చూసి వాళ్ళలో ఒకతను ఈలవేసి, వెంటనే నోరు మూసుకున్నాడు. ఈ రాత్రి నుంచి ఇంట్లో పడుకోవద్దన్నారు. అత్తయ్య హాల్లో పరుపులు వేసుకున్నాం. ముగ్గురం పక్కపక్కనే. ఎన్ని నెలలకో నిద్ర పట్టింది.

ఫిబ్రవరి 16, శనివారం

తాత్కాలిక ఇల్లు. గేర్ట్ బాబాయి పక్క వరసలో. గోడలు శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి, దేనికీ మేకు కొట్టొద్దని చెప్పారు. టీవీ నేల మీదే, అట్టపెట్టె మీద పెట్టాం. వీప్కె దాని ముందు బోర్లా పడుకుంటుంది. పడుకోనీ.

రోల్ఫ్ సరిగ్గా తినడం లేదు. నాలుగు చెంచాల సూప్ తాగి లేచిపోతాడు. పొద్దున్నే సైకిలేసుకుని వెళ్తాడు. ఎక్కడికని అడగను. మా పాత ఇంటి గేటు దగ్గర నిలబడి వస్తాడని గేర్ట్ బాబాయి చెప్పాడు. నేను ప్రాణాలు కాపాడాననుకుంటున్నాను. ఆయన్ని చూస్తే అలా అనిపించదు.

మార్చి 22, శుక్రవారం

ఆయన చొక్కా మెడ దగ్గర వదులైంది. ఇవాళ భయమేసింది. గోడ భయం లాంటిదే, చోటు మారింది.

ఏప్రిల్ 16, మంగళవారం

ఇల్లు పడగొట్టారు. ఆయన రానన్నాడు. నేను వెళ్ళాను.

మిషన్ చెయ్యి తెచ్చి పొగగొట్టం గోడకి ఆనించారు. తొయ్యలేదు. ఆనించారంతే. గోడ మొత్తం కుప్పగా దిగిపోయింది.

ఇంటికొచ్చేసరికి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎలా పోయింది అని అడిగాడు.

"మొండికేసి నిలబడింది. పొద్దున్నంతా పట్టింది వాళ్ళకి" అన్నాను.

చాలాసేపు కిటికీలోంచి చూశాడు. అనుకున్నాను అన్నాడు. రాత్రి సూప్ రెండోసారి పోయించుకున్నాడు.